బోర్డు మీది సంవత్సరం పబ్ వయసు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్ పల్లె పబ్‌ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. పబ్ అనగానే మనకు హైదరాబాద్ డీజే మోతే గుర్తొస్తుంది. అక్కడి పల్లెలో అది రచ్చబండకీ కల్లుపాకకీ నడుమ ఉండే చోటు. కాకపోతే పబ్‌లు చెప్పుకునే సంవత్సరాలను వ్యాసంలో ఉన్నవి ఉన్నట్టే వేసేశారు. హోలీవెల్ గ్రామంలోని ఓల్డ్ ఫెర్రీ బోట్ 560 నాటిదట, బార్డ్సీలోని బింగ్లీ ఆర్మ్స్ 953 నాటిదట! ఏల్ (ఒక రకం బీరు) అమ్మే ఇళ్లకు ఇద్దరు మేజిస్ట్రేట్ల అనుమతి ఉండాలన్న చట్టమే 1552లో వచ్చింది. అంతకుముందు నుంచీ నడుస్తున్నామనేవాళ్లు క్రైస్తవ మఠం లెక్కో, భూమి దస్తావేజో చూపించాలి.

ఇంటి వయసు వేరు, అందులో బీరు పోయడం మొదలైన ఏడాది వేరు. సెయింట్ ఆల్బన్స్ పట్టణంలోని ఓల్డ్ ఫైటింగ్ కాక్స్ సంగతే చూడండి. ఎనిమిది పలకల ఆ కట్టడం మొదట మఠం వారి పావురాల గూడు. 1539లో మఠం మూతపడ్డాక దాన్ని ఇప్పుడున్న చోటికి తరలించారు. పబ్‌గా లైసెన్సు కనిపించేది 1756లో, అదీ ‘త్రీ పిజన్స్’ పేరుతో. అత్యంత పురాతన పబ్ అనే విభాగాన్ని గిన్నిస్ వాళ్లు 2000లో ఎత్తేశారు.

నిజంగా తేదీ కావాలంటే కౌంటీ (అక్కడి జిల్లా) రికార్డు ఆఫీసులో మొదలుపెట్టాలి. 1753 చట్టం లైసెన్సుదార్ల రిజిస్టర్లు ఉంచమంది. 1828 దాకా అవి చాలా కౌంటీల్లో దొరుకుతాయి. నడిపేవాడి పేరు, ఊరు, జామీనుదార్లు ఉంటారు గానీ పబ్ పేరు చాలాచోట్ల ఉండదు. పేర్లు మారతాయి కూడా. కాబట్టి మనిషి పేరు పట్టుకునే వెతకాలి. 1830 బీరు చట్టం దగ్గర దారి తప్పుతారు: రెండు గినీలు (అప్పటి నాణేలు) కట్టిన పన్నుదారుడెవరైనా మేజిస్ట్రేటు గడప తొక్కకుండానే ఎక్సైజు లైసెన్సు తెచ్చుకోవచ్చు. 1869లో మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికి వచ్చేదాకా అలాంటి బీరు ఇళ్లు పాత రిజిస్టర్లలో కనిపించవు.

కాగితం లేకపోతే కలప. ఓక్ దూలానికి సన్నటి రంధ్రం వేసి తీసిన ముక్కలో ఏటేటా ఏర్పడ్డ వలయాల వెడల్పు కొలిచి, ఏడాది తెలిసిన కలపతో పోల్చి చూస్తారు. వలయాలు యాభైకి తక్కువుంటే నమ్మకం తక్కువ. బెరడు అంచు మిగిలి ఉంటేనే చెట్టు కొట్టిన ఏడాది కచ్చితంగా తేలుతుంది. పడగొట్టిన మఠం దూలాన్ని కొత్త ఇంటికి వాడితే మాత్రం ఇల్లు ఉన్నదానికంటే ముసలిదైపోతుంది. ముందువైపు ఇటుక గోడ చూసి పద్దెనిమిదో శతాబ్దం అనేయడం దీనికి తిరగబడ్డ పొరపాటు. వెనక పాత చెక్క చట్రం దాగి ఉండొచ్చు.

పాత పల్లె పబ్ అని ధైర్యంగా రాయాలంటే సోమర్సెట్‌లోని నార్టన్ సెయింట్ ఫిలిప్ గ్రామంలో ఉన్న జార్జ్ ఇన్ ఉంది. పద్నాలుగో శతాబ్దంలో హింటన్ మఠం సన్యాసులు బాటసారుల బసకీ, ఉన్ని నిల్వకీ కట్టించారు. కింది అంతస్తు రాయి, పై రెండూ తర్వాత లేపిన చెక్క చట్రం. డైరీతో పేరుపడ్డ లండన్ ఉద్యోగి శామ్యూల్ పెపీస్ 1668 జూన్‌లో అక్కడ భోంచేసినట్టు తన డైరీలోనే రాసుకున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు