పొగ వాసన కోసం ప్లైవుడ్ ముక్కలా?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో సాయంత్రమైతే రోడ్డు పక్కన చికెన్, పనీరు కాల్చే బండ్లకు కొదవలేదు. ఒకప్పుడు అన్నీ బొగ్గుల పొయ్యిలే. ఇప్పుడు గ్యాస్ గ్రిల్‌లు కనిపిస్తున్నాయి. బూడిద ఎగరదు, విసనకర్రతో విసరక్కర్లేదు. మారడం మంచిదే, నా ఫిర్యాదు దాని మీద కాదు.

పోయిన ఆదివారం రాత్రి మనవడు అడిగితే మా పేటలో ఓ బండి దగ్గర ఆగాను. అక్కడి కుర్రాడు బర్నర్ మీద రేకు ముక్క పెట్టి, దాని మీద గుప్పెడు చెక్క ముక్కలు వేశాడు. ఒకదానికి సన్మైకా ఇంకా అంటుకునే ఉంది, ఇంకోదానికి నీలం పెయింట్. గుప్పున తెల్లటి పొగ లేచింది, కళ్లు మండిపోయాయి. ఇదేంది నాయనా అంటే, "ఏం చేసేది సార్, ఉత్త గ్యాస్ మీద కాలిస్తే ఉడకేసిన కోడి మాదిరి ఉందంటారు. ఈ ముక్కలైతే కార్పెంటర్ షాపులో ఊరికే ఇస్తారు" అన్నాడు. మేం తినకుండానే ఇంటికొచ్చాం. కానీ అతను చెప్పిన దాంట్లో సగం నిజమే.

గ్యాస్ సరిగ్గా కాలితే మిగిలేది నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్. వాటికి వాసనెక్కడిది? మనం పొగ రుచి అనేది కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం సన్నగా రాజుకున్నప్పుడు పుట్టే గ్వయాకాల్ లాంటి వాసన పదార్థాల వల్ల వస్తుంది. కాబట్టి గ్యాస్ మీద కూడా కాస్త మంచి కట్టె ఉంటే ఆ రుచి తేవచ్చు. ప్లైవుడ్‌లో మాత్రం కట్టెతో పాటు ఒంటికి హాని చేసే ఫార్మాల్డిహైడ్‌తో చేసిన జిగురు ఉంటుంది, పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. మనం నెలకోసారి తింటాం, రోజూ గంటల తరబడి ఆ పొగ పీల్చేది ఆ కుర్రాడే.

నేను ఇంట్లో చేసేది చెబుతాను. పెయింట్ లేని చిన్న ఇనప డబ్బా, మూతకు మేకుతో కొట్టిన నాలుగు బెజ్జాలు, లోపల గుప్పెడు ఎండు మామిడి చెక్క. దాన్ని ఒక పక్క బర్నర్ మీద పెడతాను. సన్నటి పొగ మొదలయ్యాక మంట లేని పక్కన మాంసం పేర్చి, పైన అల్యూమినియం బేసిన్ బోర్లిస్తాను. మొదటి పావుగంటే ముఖ్యం. మాంసం ముక్క చల్లగా, తడిగా ఉన్నప్పుడే పొగ బాగా పడుతుంది. చెక్కను నీళ్లలో నానబెట్టాలంటారు గానీ, అలా చేస్తే ముందు ఆవిరొస్తుంది, పొగ ఆలస్యమవుతుంది, అంతే. దట్టంగా తెల్లటి పొగొస్తే చేదెక్కినట్టే. ఓసారి వేప ముక్కలు వేసి చూశాను, మా ఆవిడ ప్లేటు ముట్టలేదు.

డబ్బా కూడా వద్దనుకుంటే, ఊరగాయ జాడీకి ఇంగువ పొగ పట్టించే మన ఇళ్ల పద్ధతే ఉంది. రాజుకున్న బొగ్గును చిన్న గిన్నెలో వేసి, కూర మధ్యలో పెట్టి, దాని మీద నెయ్యి చుక్క వేసి మూతపెట్టడం. తలుపులు మూసిన వంటగదిలో మాత్రం బొగ్గు రాజేయకూడదు. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

నగరపాలక సంస్థ, ఆహార భద్రత అధికారులు బండ్ల దగ్గర నూనె, రంగులతో పాటు పొగకు ఏం కాలుస్తున్నారో కూడా చూడాలని నా విన్నపం. జరిమానా వేసి పోతే మర్నాడు మళ్లీ అదే కథ. బండ్లవాళ్లను ఓ పూట పిలిచి చేసి చూపించండి. దామలచెరువు, బంగారుపాళెం మామిడికి పేరుపడ్డ ఊళ్లు. ముసలి చెట్లు కొట్టినప్పుడు ఆ కలప సామిళ్లకు వస్తుంది. జిగురు, రంగు తగలని ముక్కలు కిలోల లెక్కన బండ్లవాళ్లకు అందేలా చూడటం పెద్ద పనేం కాదు.

బుధవారం ఆ కుర్రాడికి మా డబ్బా, ఓ సంచి మామిడి ముక్కలు ఇచ్చొచ్చాను. సంచి అయిపోయాక ఎక్కడ కొనాలి సార్ అని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను.

– ఓ పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి