పేగు పొరకు నాచు క్యాప్సూలా?

సంపాదకులకు నమస్కారం.

సముద్రపు నాచు పేగు లోపలి పొరను బాగుచేస్తుందన్న ప్రకటనలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. గోపాలపూర్ నుంచి ఇచ్ఛాపురం దాకా కడలి ఒడ్డున ఉన్న మనకు ఈ మాట ఇట్టే ఎక్కుతుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ నిజం ఒకచోట ఉంది, డబ్బు గుంజేది ఇంకోచోట.

పేగు లోపలి గోడ ఒకే వరస కణాలు. నాలుగైదు రోజులకోసారి కొత్తవి పుడతాయి. కణాల మధ్య సందులను కొన్ని ప్రొటీన్లు బిగించి ఉంచుతాయి. గోధుమరంగు నాచులోని ఫ్యూకోయిడన్ అనే పీచు పదార్థం ఆ బిగువును కాపాడుతుందని ఎలుకల్లోనూ, ప్రయోగశాలలో పెంచిన కణాల్లోనూ కనిపించింది. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు. పైగా నాచు పీచును విరగ్గొట్టే ఎంజైములు అందరి పేగు బాక్టీరియాలోనూ ఉండవు. జపాన్ వాళ్ల పేగు బాక్టీరియాకు అలాంటి ఎంజైము జన్యువులు సముద్రపు బాక్టీరియా నుంచి చేరాయని 2010లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చింది. వాళ్లకు తరాలుగా నాచు తిండి, మనకు కాదు.

నాచులో నిక్కచ్చిగా పనిచేసేది ఆల్జినేట్. అయితే అది పేగుకు కాదు, ఛాతీమంటకు. బైకార్బొనేట్‌తో కలిపిన ఆల్జినేట్ సిరప్ కడుపులో ఆమ్లం తగలగానే జెల్ అవుతుంది. బుడగలు అందులో చిక్కుకుని అది తిన్నదాని మీద తెప్పలా తేలుతుంది, ఆమ్లం పైకి ఎగదన్నదు. అందుకే భోజనం తర్వాత, పడుకునే ముందు తాగాలి. పరగడుపున తాగితే తొందరగా కిందికి జారిపోతుంది. ఇందులో సోడియం ఎక్కువ కనుక బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరును అడగాలి.

ఫ్యూకోయిడన్‌కు రక్తాన్ని పలచబరిచే గుణం ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు. కెల్ప్ అనే గోధుమరంగు నాచు పొడితో ఇంకో చిక్కు అయొడిన్. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. 15 పీపీఎం (అంటే గ్రాముకు 15 మైక్రోగ్రాములు) అయొడిన్ ఉన్న ఉప్పు 10 గ్రాముల్లోనే అంతా ఉంది. కెల్ప్ ఒక్క గ్రాములో దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు, థైరాయిడ్ అటో ఇటో అవుతుంది. డబ్బా మీద అయొడిన్ లెక్క లేకపోతే కొనకండి. రుషికుల్య మొగ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును ఎండబెట్టి పొడి కొట్టుకోవడం మరీ ప్రమాదం. నాచు నీటిలోని ఆర్సెనిక్, కాడ్మియంలను పీల్చి దాచుకుంటుంది.

పెద్దపేగు కణాలకు ప్రధాన ఇంధనం బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం. దానికి ఖరీదైన క్యాప్సూల్ అక్కర్లేదు. అన్నం చల్లారినప్పుడు పిండిపదార్థంలో కొంత అరగని రూపంలోకి మారుతుంది, దాన్ని బాక్టీరియా పులియబెడితే బ్యూటిరేట్ వస్తుంది. మన చద్దన్నం, ఒడియా వాళ్ల పఖాళ చేసే పని ఇదే. వండిన అన్నాన్ని గంటలోగా చల్లార్చి, మంచినీళ్లు పోసి మూతపెట్టాలి. మే నెల ఉక్కలో వేడి అన్నాన్ని గిన్నెలోనే మూసి వదిలేస్తే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా పెరిగి, విషాన్ని విడుదల చేసి వాంతులు తెప్పిస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

మలంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే నాచూ వద్దు, చద్దీ వద్దు; నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

— పోషకాహార శాస్త్రం బోధించే ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా