రెండో బిడ్డ మగవాడైతే తల్లికి కూలి పోదా? మాతృ వందనపై కేంద్ర మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను అంగన్‌వాడీ కార్యకర్తను. గర్భిణులకు, బాలింతలకు కేంద్రం డబ్బిచ్చే మాతృ వందన పథకం దరఖాస్తులు నా చేతుల మీదుగానే వెళతాయి. పైవాళ్లకు పెట్టుకున్న అర్జీలకు రసీదులు తప్ప జవాబులు రాలేదు. అందుకే నలుగురూ చూసేలా రాస్తున్నాను.

2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వమంది. ఎన్నో కాన్పని అడగలేదు. 2017లో ఈ మాతృ వందన పథకం వచ్చేసరికి అది 5,000 అయింది, అదీ మొదటి కాన్పుకే. 2022 నుంచి తమరు దయతలచి రెండో కాన్పుకూ 6,000 అన్నారు, ఆడపిల్ల పుడితేనే! ఆడపిల్లను కనడానికి ఇది ప్రోత్సాహమట. పుట్టేది ఆడో మగో తల్లి చేతిలో ఉంటుందా అమ్మా?

మళ్లీ కడుపుతో ఉన్నామె వచ్చి 'నాకు వస్తుందా?' అంటే 'కాన్పయ్యాక చెబుతాను' అనాలి. కొడుకు పుట్టాక 'నీకు రాదమ్మా' అనాలి. ఇది పోయిన కూలికి పరిహారమని మీ పథకమే చెబుతోంది కదా. మగబిడ్డను మోసినామెకు నడుము నొప్పి రాలేదా, నాట్లకు పోలేక ఇంట్లో కూర్చోలేదా? కడుపులో ఆడపిల్లల్ని చంపడం ఆపాలంటే స్కానింగ్ సెంటర్ల మీద 1994 నాటి చట్టం ఉంది. దాన్ని వదిలేసి బాలింత డబ్బుల మీద పడ్డారు.

ఇక టీకాల కార్డు. బిడ్డకు టీకాలు వేయించినట్టు అది చూపితేనే డబ్బు పూర్తిగా వస్తుంది. డబ్బు ఆశ చూపకపోతే పేదతల్లి బిడ్డకు సూది వేయించదని మీ శాఖ అనుమానం. మూడో కాన్పు వాళ్లకు పైసా రాదు, అయినా టీకాల రోజున బిడ్డను చంకనేసుకుని వస్తూనే ఉన్నారు. టీకాలన్నీ వేయించినా, ఆధార్‌కు ఖాతా లింకు కాలేదనో పేరులో అక్షరం తేడా ఉందనో డబ్బు ఆగిపోతుంది. తిట్లు మాత్రం నాకు.

జీతమొచ్చే ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకూ 26 వారాలు జీతంతో సెలవు. మంచిదే, ఉండాలి. ఆమెను టీకాల కార్డు తెమ్మనరు, రెండోది ఆడపిల్లేనా అనీ అడగరు. మా తల్లికిచ్చే 5,000ను అదే 26 వారాలకు పంచి చూడండి, రోజుకు 28 రూపాయలు కూడా రాదు. దానికే ఇన్ని పరీక్షలు!

షరతులు తీసేయండి. ప్రతి కాన్పుకూ ఇవ్వండి. చట్టంలో ఉన్నదే ఇవ్వండి, కొత్తదేం అడగడం లేదు. అది కుదరకపోతే, రెండోసారి కొడుకును కన్న తల్లికి నేనేం చెప్పాలో అదైనా రాసి పంపండి.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ కార్యకర్త