ప్రామ్ గురించి ఒక మాట
అందరికీ నమస్తే. ఇక్కడ అమెరికా హైస్కూళ్లలో హోమ్‌కమింగ్ (ఏడాది మొదట్లో జరిగే స్కూల్ వేడుక, డాన్స్) అయిపోయింది కదా అని ఊరుకోకండి, చాలా స్కూళ్లలో ఏప్రిల్, మే నెలల్లో ప్రామ్ (ఏడాది చివర్లో పెద్ద క్లాసుల పిల్లలకు పెట్టే డాన్స్ పార్టీ) ఉంటుంది, 11, 12 చదివే పిల్లలున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి. డ్రెస్ కొనడం ఒక్కరోజు పనే, ఆల్టరేషన్‌కే వారాలు పడతాయి. మగపిల్లలకు టక్సీడో (ఫార్మల్ సూట్) అద్దెకు తీసుకుంటే చాలు, కొనడం దండగ.

వేరే స్కూల్ ఫ్రెండ్‌ని తీసుకెళ్లాలంటే చాలా స్కూళ్లు గెస్ట్ ఫారం అడుగుతాయి. పోయినేడు మేం గడువు దాటాక చూసుకున్నాం, మా అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు! జంటగానే వెళ్లాలని రూలేం లేదండీ, ఫ్రెండ్సంతా గుంపుగా కూడా వెళ్తారు, టెన్షన్ పడకండి. కానీ డాన్స్ అయ్యాక ఎక్కడికి, కారు ఎవరు నడుపుతారు, ఎన్నింటికి ఇంటికొస్తారు అన్నవి టికెట్ కొనకముందే కూర్చుని మాట్లాడుకోండి, ఆ రాత్రి ఫోన్‌లో అరవడం కంటే నయం.

లంగావోణీలో వెళ్తామనే పిల్లలుంటే మా దగ్గర ఒకటుంది, ఇస్తాను.