పాత బొమ్మ చిలుకకు మన పిల్లల పాట

తల్లిదండ్రులకు, పిల్లల్ని దగ్గరుండి చూసుకుంటున్న అవ్వలకు, తాతయ్యలకు నమస్కారం.

"బడిలో చిలుకను హ్యాక్ చేసినం" అని ఈ నెల మీ పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. అది విని కొందరు తల్లులు ఫోన్ చేసి, ఇదేమైనా తప్పు పనా, కేసు అవుతుందా అని అడిగారు. ఆ టెన్షన్ అక్కర్లేదు. 2000 నాటి ఐటీ చట్టం నేరమనేది ఇంకొకరి కంప్యూటర్‌లోకి వాళ్ల అనుమతి లేకుండా చొరబడటాన్ని. మన పిల్లలు విప్పింది బడికి ఇచ్చేసిన ఒక బొమ్మను. దానికి ఇంటర్నెట్ లేదు, కెమెరా లేదు. అయినా ఏం చేశారో వివరంగానే రాస్తున్నాను. ఈ ఏడాది మన టింకరింగ్ ల్యాబ్‌లో, అంటే పిల్లలు వస్తువుల్ని విప్పి, చేత్తో చేసి నేర్చుకునే గదిలో, ఇంతకంటే మంచి చదువు జరగలేదని నా నమ్మకం.

దుబాయ్‌లో పనిచేసే ఒక తండ్రి తన బిడ్డకు పంపిన చిలుక అది. బ్యాటరీలు వేస్తే ముక్కు ఆడిస్తూ, రెక్కలు కొడుతూ ఇంగ్లిష్ పాటలు పాడేది. కొన్నాళ్లకు గొంతు పోయింది. పారేసే ముందు ఆ అమ్మాయి ల్యాబ్‌కు తెచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఈకల గుడ్డ ఒలిచి, స్క్రూలు తీసి చూస్తే లోపల రెండు చిన్న మోటార్లు ఉన్నాయి. ఒకటి ముక్కుకు. మోటార్ తిరిగితే ముక్కు తెరుచుకుంటుంది, ఆగితే స్ప్రింగ్ లాగి మూసేస్తుంది. రెండోది పళ్లచక్రాల మీదుగా రెక్కల్ని ఆడిస్తుంది. రెండూ బాగానే తిరుగుతున్నాయి. చెడిపోయింది సర్క్యూట్ బోర్డు. దాని మీది చిప్ నల్లటి లక్కలాంటి ముద్ద కింద ఉంటుంది. పాటలు ఫ్యాక్టరీలోనే అందులోకి ఎక్కిపోతాయి, మనం మార్చలేం. పిల్లలు ఆ బోర్డును తీసేసి, శరీరాన్ని ఉంచుకుని, కొత్త మెదడు పెట్టాలని నిర్ణయించారు.

కొత్త మెదడు ఆర్డుయినో, అంటే మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం మోటార్ల లాంటివాటిని నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో విద్యార్థుల కోసం తయారైన బోర్డు ఇది. చవకది, పొరపాటున కాలినా పెద్ద నష్టం లేదు. పాటలు ఒక మెమరీ కార్డులో ఉంటాయి, వాటిని చదివే ఎంపీ3 మాడ్యూల్ చిన్న బిస్కెట్ ముక్కంత కూడా ఉండదు. మోటార్ వైర్లను నేరుగా ఆర్డుయినోకే కలపొచ్చు కదా అని ఒక అబ్బాయి అడిగాడు. సైన్స్ సార్ జవాబు చెప్పకుండా మీటర్ చేతికిచ్చారు. ఆర్డుయినో ఒక్కో పిన్ నుంచి 20 మిల్లీఆంపియర్లకు మించి కరెంటు తీసుకోకపోవడం మంచిది. మోటార్ వందల మిల్లీఆంపియర్లు లాగుతోంది. ఆర్డుయినో సంకేతం అందుకుని మోటార్‌కు కావలసినంత కరెంటు ఇచ్చే మోటార్ డ్రైవర్ అనే ముక్క మధ్యలో ఎందుకు కావాలో ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

అసలు కష్టం ముక్కు దగ్గర వచ్చింది. పాట ఎనిమిదో తరగతి అమ్మాయిలు సొంతంగా రాశారు: "నల్లా బందువెట్టు, నీళ్లు పోతున్నయ్" అని మొదలవుతుంది. వెనుక డప్పు. శబ్దం ఒక హద్దు దాటితే ముక్కు తెరువు, తగ్గితే మూసెయ్ అని ప్రోగ్రాం రాశారు. చిలుక మాటల్ని వదిలేసి డప్పు దెబ్బ దెబ్బకూ నోరు తెరిచింది! మాటలకూ ముక్కుకూ సంబంధమే లేదు. హద్దు పెంచితే గొంతు అందలేదు, తగ్గిస్తే మళ్లీ డప్పే.

ఈ చిక్కు పాతదే. 1963లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో బొమ్మ పక్షులు పాడే ప్రదర్శనశాల తెరిచినప్పుడు, వాటిని కదిలించే సంకేతాలను కూడా టేపు మీదే రికార్డు చేశారు. 1985లో అమెరికాలో టెడ్డీ రక్స్‌పిన్ అనే మాట్లాడే ఎలుగుబంటి బొమ్మ వచ్చింది. దాని వీపులో క్యాసెట్ ప్లేయర్ ఉండేది. స్టీరియో క్యాసెట్‌కు రెండు ట్రాకులు ఉంటాయి కదా, ఒకదానిలో కథ చెప్పే గొంతు, రెండోదానిలో కళ్లనూ నోటినీ కదిలించే సంకేతాలు పెట్టారు. ఆ రెండోది పిల్లలకు వినపడదు. తయారుచేసిన కెన్ ఫోర్స్ అంతకుముందు డిస్నీలో పనిచేసినవారే.

సైన్స్ సార్ ఈ సంగతి చెప్పగానే పిల్లలు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాటను మళ్లీ తయారుచేశారు. ఎడమ ట్రాకులో డప్పుతో కలిపి పూర్తి పాట, అది స్పీకర్‌కు పోతుంది. కుడి ట్రాకులో డప్పు లేని ఒట్టి గొంతు. అది ఎవరికీ వినపడదు, ఆర్డుయినోకు మాత్రం అందుతుంది. ముక్కు మాటల వెంట కదలడం మొదలైంది. కానీ మాట వచ్చాక కాస్త ఆలస్యంగా తెరుచుకునేది, ఎందుకంటే మోటార్ ఊపందుకోవడానికి కొంత సమయం పడుతుంది. అప్పుడు ఏడో తరగతి అబ్బాయి ఒకడు, కుడి ట్రాకు పాటకంటే కొంచెం ముందే మొదలయ్యేలా జరిపితే చాలు కదా అన్నాడు. జరిపారు, సరిపోయింది. ఈ ఆలోచన పెద్దవాళ్లం ఎవరం చెప్పింది కాదు. ఆ అబ్బాయి లెక్కల్లో వెనకబడ్డాడని మేము బాధపడేవాళ్లం. ఇప్పుడు లెక్కల టీచర్ కాలం, వేగం పాఠాన్ని ఆ చిలుకతోనే చెబుతున్నారు.

ఇంకొక చిక్కు అలాగే మిగిలింది. "అమ్మ" అన్నప్పుడు మన పెదవులు మూసుకుంటాయి, గొంతు మాత్రం మోగుతూనే ఉంటుంది. శబ్దం ఉంది కాబట్టి చిలుక నోరు మూయదు. ప, బ, మ లాంటి అక్షరాలు వచ్చే చోట్లను చేత్తో గుర్తించి మూయించాలని తెలుగు టీచర్, పిల్లలు కలిసి కూర్చున్నారు. ఆ పని సాగుతోంది.

నిజం చిలుకకు పెదవులే లేవు, మరి ఎలా మాట్లాడుతుందని కూడా పిల్లలు అడిగారు. శ్వాసనాళం అడుగున, అది రెండుగా చీలే చోట, సిరింక్స్ అనే అవయవం ఉంటుంది. శబ్దం అక్కడ పుడుతుంది, నాలుకతో దాన్ని మలుస్తుంది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మన చెట్ల మీది రామచిలుకను పట్టి పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి అటవీ శాఖవారికి తెలియజేయండి.

మీతో ఒక విన్నపం. బ్యాటరీతో నడిచే బొమ్మ చెడిపోతే చెత్తలో వేయకండి, అల్మారాలో దాచకండి. పిల్లల చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి పక్కన కూర్చోండి. అమ్మాయిలకూ ఇవ్వండి. చిలుకను మొదట విప్పింది అమ్మాయే, వైర్లు అతికింది కూడా ఎక్కువగా అమ్మాయిలే. విప్పాక మళ్లీ బిగించలేకపోతే తిట్టకండి, ఆ ముక్కలన్నీ ఒక డబ్బాలో వేసి మాకు పంపండి. ఖరీదైన కిట్లు కొనాల్సిన పని లేదు, ఎవరైనా కొనమంటే నాకు చెప్పండి.

జాగ్రత్తలు మాత్రం ఖచ్చితం. గోడ ప్లగ్గుకు పెట్టేదేదీ ఇంట్లో విప్పనివ్వకండి. ఛార్జర్లు, అడాప్టర్లు, మిక్సీలు పిల్లలు ముట్టకూడదు. ఉబ్బిన మొబైల్ బ్యాటరీ బడికి పంపవద్దు. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండీ బ్యాటరీలను చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అందకుండా పెట్టండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలవు. మింగారేమో అని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేడి ఇనుముతో వైర్లు అతికే సోల్డరింగ్ పని ల్యాబ్‌లోనే, కళ్లద్దాలు పెట్టుకుని, సార్ ఎదుటే జరుగుతుంది.

మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశంలో చిలుకను ల్యాబ్ బల్ల మీద ఉంచుతాం, పొట్ట తెరిచే ఉంచుతాం. విప్పిన పిల్లలే మీకు వివరిస్తారు, ప్రశ్నలు వాళ్లనే అడగండి. గల్ఫ్‌లో ఉన్న నాన్నల కోసం తెలుగు టీచర్ వీడియో తీసి తరగతి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. వచ్చేటప్పుడు మీ ఇంట్లో మూగబోయిన బొమ్మ ఏదైనా ఉంటే బ్యాటరీలు తీసేసి, పిల్లల పేరు, తరగతి రాసిన చీటీ అంటించి తీసుకురండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు