కార్యదర్శి వార్షిక నివేదిక: క్రిస్మస్ దీపాల వెంట మన సాయంత్రాలు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను, కానీ ఆ నియమం లేకపోయినా ఈ ఏడాది రాసేదాన్నే. డిసెంబరులో మనవాళ్లు చలిలో నిలబడి చేసిన పని ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే వచ్చే ఏడాదికి మనకే గుర్తుండదు. మన ఫోటోగ్రఫీ సంఘం లక్ష్యాలు మీకు తెలిసినవే. నెలవారీ సమావేశాలు జరిగాయి, వర్షం వల్ల రెండు రద్దయ్యాయి, మాక్రో (చిన్న వస్తువుల్ని బాగా దగ్గరగా తీసే) వర్క్‌షాప్ బాగానే అయింది. ఇక అసలు సంగతికి వస్తాను.

క్రిస్మస్ దీపాల ఫోటోల కోసం ఈసారి నాలుగు సాయంత్రాలు పెట్టుకున్నాం. పోయిన ఏడాది బాగా చీకటి పడ్డాక వెళ్లడమే మనం చేసిన తప్పు. ఆకాశం తారు పూసినట్టు నల్లగా వచ్చింది, చెట్టు ఎక్కడ ముగిసిందో గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు, ఫోటోలో ఒట్టి చుక్కలే మిగిలాయి. అందుకే ఈసారి పొద్దు కుంకే వేళకే ట్రైపాడ్లు వేసి ఉండాలని మెసేజ్ మీద మెసేజ్ పెట్టాను. ఆకాశం ముదురు నీలంలోకి తిరిగినప్పుడు ఆ వెలుగూ సీరియల్ సెట్ల వెలుగూ సరిసమానంగా ఉండేది కాసేపే. దానికి ముందు దీపాలు వెలవెలబోతాయి, దాటితే మళ్లీ ఆ నలుపే. టైముకి వచ్చినవాళ్ల ఫోటోలు, అరగంట ఆలస్యంగా వచ్చినవాళ్ల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకెవరికీ విడిగా చెప్పనక్కర్లేదు.

రెండో సాయంత్రం పెద్ద చెట్టు దగ్గర అందరికీ ఒకటే ఇబ్బంది వచ్చింది. చెట్టు కొనమీద ఉన్న నక్షత్రం విపరీతమైన వెలుతురు, కింద కొమ్మల్లో చుట్టిన దీపాలు మసక. కొమ్మలకు సరిపడా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) ఇస్తే నక్షత్రం తెల్లటి మరకలా వస్తోంది, నక్షత్రానికి సరిపెడితే చెట్టే కనిపించడం లేదు. అప్పుడు మన సీనియర్ సభ్యులు ఒకాయన బ్యాగులోంచి నల్లటి అట్ట ముక్క తీశారు. ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టర్ తెరిచి ఉండేది ఎనిమిది సెకన్లు. షట్టర్ తెరుచుకోగానే అట్టని లెన్స్ పైభాగానికి అడ్డం పెట్టి, గాజుకి తగలకుండా, అంచు గీత పడకుండా మణికట్టుని సన్నగా ఊపుతూ ఆరు సెకన్లు ఉంచారు, చివరి రెండు సెకన్లకు తీసేశారు. వెనక స్క్రీన్ మీద నక్షత్రం ఐదు కోణాలూ విడివిడిగా కనిపించాయి, కింద కొమ్మల్లో పచ్చదనం కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫ్రేములు కలిపి కూడా ఈ పని చేయొచ్చు, కానీ అక్కడికక్కడే చేత్తో చేసి చూపించారు చూడండి, దానికి ఆయనకి సంఘం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు. ఆ సాయంత్రం తర్వాత అందరి బ్యాగుల్లోనూ ఒక నల్ల అట్ట చేరింది.

మూడో సాయంత్రం కొత్త సభ్యురాలు ఒకామెకి బాగా టెన్షన్ పుట్టింది. కదిలే పిల్లల్ని తీయాలని షట్టర్ స్పీడ్ బాగా పెంచితే ఒక ఫోటోలో దీపాల వరుస సగం వెలిగి సగం ఆరినట్టు, ఇంకో ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు. కెమెరా పాడైందనుకుంది. కెమెరా తప్పేమీ కాదు, 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, కొన్ని చవక ఎల్‌ఈడీ సెట్లు 50 సార్లే వెలుగుతాయి. కన్ను పట్టుకోదు గానీ వేగంగా తెరిచి మూసే షట్టర్ పట్టేస్తుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ (తెర కదలకుండా సెన్సరే వరుసవరుసగా చదివేది) ఆపి, స్పీడ్ సెకనులో 1/50 వంతుకి తగ్గించగానే దీపాలన్నీ వెలిగాయి. పిల్లలు కాస్త కదిలినట్టు వచ్చారు, నాకైతే అదే బాగుంది.

రంగుల మీద మనలో వాదన ఇంకా తేలలేదు. పాత ఫిలమెంట్ బల్బు పసుపు, తెల్ల ఎల్‌ఈడీ నీలం వైపు, రెండూ ఒకే ఫ్రేములో ఉంటే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసే సెట్టింగ్) ఎటు పెట్టాలి? టంగ్‌స్టన్‌కి, అంటే పసుపు బల్బుల వెలుగుకి సరిపడే దాదాపు 3200 కెల్విన్‌కి, పెడితే ఆకాశం ఇంకా నీలంగా వస్తుంది గానీ పాత బల్బుల వెచ్చదనం పోతుంది. నా మాట ఒకటే, రా ఫైల్ (కెమెరా రంగులు ఖరారు చేయని ఫైల్) తీయండి, ఇంటికొచ్చి తీరిగ్గా కొట్లాడుకోండి. హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులకూ విడివిడిగా చూసుకోవాలి, ఎందుకంటే మొత్తం గ్రాఫ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నా నీలం ఎల్‌ఈడీల్లో ఆ ఒక్క రంగూ నిండిపోయి దీపం వివరం పోతుంది. ఈ విషయం మీద మన ఉపాధ్యక్షురాలు గారు ఇచ్చిన ప్రసంగం చాలామందికి నచ్చింది. ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం కలిపి 80 బల్బులతో చెట్టు వెలిగించి, దాన్ని గుండ్రంగా తిరిగేలా పెట్టించిన సంగతి దగ్గర మొదలుపెట్టి, నీలం ఎల్‌ఈడీ తయారుచేసినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చేదాకా తీసుకొచ్చారు. ఇవాళ మనం తీస్తున్న తెల్ల దీపాల్లో చాలావాటి మూలం ఆ నీలమే.

చివరి సాయంత్రం ఎఫ్/16లో, అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి, తీసిన నక్షత్ర కిరణాల సంగతి కూడా రాయాలి. ఒకే దీపానికి ఒకరి ఫోటోలో 18 కిరణాలు, పక్కనున్నవారి ఫోటోలో 8 వచ్చాయి. ఆ రంధ్రాన్ని చిన్నది చేసే అపెర్చర్ రెక్కలు బేసి సంఖ్యలో ఉంటే కిరణాలు రెట్టింపు, సరి సంఖ్యలో ఉంటే అన్నే. అంటే తొమ్మిది రెక్కలకు 18, ఎనిమిదికి 8. అదే రోజు ఒక సభ్యుడి కూతురు నల్ల చార్ట్ పేపర్‌లో చిన్న నక్షత్రం కత్తిరించి నాన్న 50 ఎంఎం లెన్స్‌కి రబ్బర్ బ్యాండుతో బిగించింది. ఎఫ్/1.8లో, అంటే రంధ్రం బాగా తెరిచి, ఫోకస్ దగ్గరికి పెట్టగానే వెనక మసకబారిన దీపాలన్నీ నక్షత్రాలైపోయాయి. ఆ పాపని సంఘం బాల సభ్యురాలిగా చేర్చుకోవాలని ప్రతిపాదిస్తున్నాను.

జనవరిలో పెట్టిన ప్రింట్ల ప్రదర్శన ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన పని. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఆ పెద్ద చెట్టుకి దీపాలు కట్టిన ఎలక్ట్రీషియన్ కూడా ఉన్నారు. ప్రింట్ ముందు చాలాసేపు నిలబడి, మూడో కొమ్మ దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ వైరు తెగితే నిచ్చెన మీద నిలబడి నేనే జాయింట్ వేశా, టేపు కూడా కనిపిస్తోంది" అన్నారు. నిజంగానే కనిపిస్తోంది, నల్ల టేపు చుట్టిన చోట చిన్న ఉబ్బు. అంతవరకు మాలో ఎవరమూ దాన్ని గమనించలేదు. ఆ ప్రింట్ ప్రదర్శన అయ్యాక ఆయనకే ఇచ్చాం. దీపాలు కట్టేవాళ్లని వచ్చే ప్రదర్శనకు ముందే పిలవాలని కమిటీ తీర్మానించింది.

ఇక మనసులో ఉన్నది చెప్పకుండా ఉండలేను. ఫుట్‌పాత్ మీద ట్రైపాడ్లకు అనుమతి కోసం సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు తిరిగాం. ప్రతిసారీ ఒక కొత్త కాగితం అడిగారు. సంతకమైన అనుమతి మన చేతికి వచ్చేసరికి దీపాలు విప్పేసి వారం అయింది. దానివల్ల గోడవారన ఇరుకులో నిలబడాల్సి వచ్చి, ఒక ట్రైపాడ్ కాలు తగిలి నడిచే పెద్దావిడ తూలారు. దెబ్బ తగలకపోవడం మన అదృష్టం. ఇకమీదట ఒకరు ఫోటో తీస్తుంటే ఇంకొకరు పక్కన దారి చూస్తూ నిలబడాలి, కాళ్లకు మెరిసే టేపు అంటించాలి, ఇందులో మినహాయింపు లేదు.

అయితే ఇద్దరేసి నిలబడాలంటే మనుషులుండాలి కదా. వాలంటీర్లుగా 20 మంది పేర్లిచ్చారు, నాలుగు సాయంత్రాలూ వచ్చినవాళ్లు ఆరుగురు. ప్రింట్లు గోడకు తగిలించిన రోజు నలుగురమే ఉన్నాం, అర్ధరాత్రి దాటింది. ఎవరి ఇబ్బందులు వారికుంటాయి, కాదనను. రాలేమని ముందురోజు ఒక్క మెసేజ్ పెడితే ఆ ఆరుగురి మీద అంత బరువు పడేది కాదు. ఆ ఆరుగురికీ, వేదిక ఇచ్చినవారికీ, ప్రింట్ల ఫ్రేములు అరువిచ్చిన మిత్రులకీ, చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతుంటే తన స్పేర్‌లు పంచిన సభ్యురాలికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

జమాఖర్చులు కోశాధికారి గారు పట్టికలో ఇచ్చారు, ఆడిట్ అయింది, కొద్దిపాటి మిగులు వచ్చే ఏడాదికి బదిలీ చేశాం. సందేహాలుంటే సమావేశంలో వారినే అడగండి.

వచ్చే డిసెంబరు వాలంటీర్ల జాబితా నవంబరు మొదటి వారంలో మూసేస్తాం. అనుమతి దరఖాస్తు ఈసారి సెప్టెంబరులోనే పెడుతున్నాం, దాని వెంట తిరగడానికి పగటిపూట వీలున్న ఇద్దరు కావాలి. సమావేశం రోజే నాకు పేర్లు ఇవ్వండి.

మీ
కార్యదర్శి