పాయింట్ షూ రంగు వెనక ఉన్న సంగతి

అందరికీ నమస్కారం. ఈ వారం చర్చకు పాశ్చాత్య నృత్యం బ్యాలేలో వాడే షూ తీసుకుందాం.

మునివేళ్ల మీద నిలబడి ఆడే పాయింట్ షూ లేత గులాబీ రంగు తెల్లవాళ్ల ఒంటిరంగులో కలిసిపోతుంది. కాలు తుంటి నుంచి వేలికొస దాకా ఒకే గీతలా కనిపిస్తుంది. నల్లజాతి నర్తకి అదే తొడిగితే చీలమండ దగ్గర గీత తెగుతుంది. చూసేవాళ్లకు లోపం ఆమె కాలిదే అనిపిస్తుంది. ఎంత అన్యాయం!

అందుకే చాలామంది నల్లజాతి నర్తకులు తమ ఒంటిరంగు మేకప్ ఫౌండేషన్‌ను స్పాంజితో షూ మీద, రిబ్బన్ల మీద, ఎలాస్టిక్ మీద అద్దుకుంటారు. పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూయాలి. తడి ఎక్కువైతే జిగురుతో గట్టిపరిచిన ముందుభాగం మెత్తబడి వేళ్లకు పట్టు పోతుంది. పెద్ద పాత్రలో ఒక్కోసారి జత ఒక్క ప్రదర్శనకే అయిపోతుంది, కొత్తదానికి మళ్లీ మొదటి నుంచి పూత. పక్కనే ఆడే తెల్లమ్మాయికి ఈ శ్రమా లేదు, ఖర్చూ లేదు.

న్యూయార్క్‌లోని నల్లజాతి బ్యాలే బృందం హార్లెమ్ డాన్స్ థియేటర్ 1970లలోనే ఒంటిరంగు మేజోళ్లు, షూలు మొదలుపెట్టింది. లండన్‌లో బ్యాలే షూలు చేసే ఫ్రీడ్ కంపెనీ, నల్లజాతి, ఆసియా మూలాల నర్తకుల బృందం బ్యాలే బ్లాక్‌తో కలిసి గోధుమ, కాంస్య రంగుల పాయింట్ షూలు తెచ్చింది మాత్రం 2018లో. నల్లజాతి నర్తకి మిస్టీ కోప్లాండ్ అమెరికన్ బ్యాలే థియేటర్ బృందంలో ప్రిన్సిపల్, అంటే అగ్రశ్రేణి నర్తకి, అయిన మూడేళ్లకన్నమాట.

బ్యాలే వీడియోలు పెట్టేవాళ్లు ఈసారి మేజోళ్లు, షూ రంగు కూడా గమనించి రాయండి.